ఐదేండ్ల కాగితము

మత్రానుండి నేను తిరిగి వచ్చిన నాటినుండి కోవెల మెట్లమీద నన్ను నిలిపిన ప్రతివారును మొదట అడుగు ప్రశ్న, అచ్చట బంగారము వెల యెంత యని. రెండవ ప్రశ్న, మనుమరాలు ఏమి చదువుచున్నది యని. మొదటి ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. అంగడి వీథిలో అద్దముల వెనుక వ్రేలాడు హారములను చూచితిని గాని వెల అడుగుటకు ధైర్యము చాలలేదు. రెండవదానికి మెట్లమీద నిలుచుండి చెప్పదగిన సమాధానము లేదు. కావున ఈ మాసము మన శీర్షికను ఆ విషయమునకే కేటాయించితిని. ఇంట పదునేడేండ్ల పిల్లలు గలవారు దీనిని నిదానముగా చదువుదురు గాక. తక్కినవారు పుట తిప్పినను నాకు కోపము లేదు.

నేను ఆరవ తరగతితో బడి విడిచినవాడనని పాఠకులలో పెద్దలెల్లరును ఎరుగుదురు. తెలుగు మాత్రము కోవెల వసారాలో లాంతరు వెలుతురున నేర్చినది. అట్టివాడు విశ్వవిద్యాలయ ప్రవేశములను గూర్చి వ్రాయబూనుట సాహసమే. అయినను, మత్రాలో నా మనుమరాలి దరఖాస్తు పూర్తియగు వరకు ఆమె ప్రతి పంక్తిని పైకి చదువగా ప్రక్కన కూర్చుండి వినినవాడను నేనొక్కడనే. తండ్రికి కొలువు, తల్లికి ఇంటి పని. తాతకు తీరిక కలదు గదా.

మత్రా యనునది ఒమాను రాజధానియగు మస్కటునకు ఆనుకొనియున్న పాత రేవు. నల్లని బోడి కొండలకును సముద్రమునకును నడుమ ఊరు సన్నని వంపుగా పరచుకొనియుండును. కొండమీద పోర్చుగీసువారు కట్టిన కోట, క్రింద రేవు గట్టు, దాని వెనుక పైకప్పు గల అంగడి సందులు. ఆ సందులలో సాంబ్రాణి వాసన మన కోవెల గర్భగుడినే తలపించును. కచ్ఛదేశపు వర్తకులు తరతరములుగా అచ్చట వ్యాపారము చేయుచున్నారు. దగ్గరలోని దార్సయిట్టులో కృష్ణ మందిరమును, పాత మస్కటులో శివాలయమును కలవు. మా అల్లుడుగారు కాకినాడవారు. ఇరువది యేండ్లుగా మత్రాలో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచున్నారు. పిల్ల దార్సయిట్టులోని భారతీయ పాఠశాలలో పండ్రెండవ తరగతి చదువుచుండెను. నేను అచ్చటనున్న 2025 మార్చి మాసమున వారికి రంజాను వచ్చినది. పగలంతయు వీథులు నిద్రించి రాత్రివేళ మేల్కొనెడివి. మన ద్వీపమునకును వారికిని గడియారములో భేదము లేదు, ఇచ్చట ఆరైన అచ్చటను ఆరే. భారతదేశము మాత్రము వారికంటె గంటన్నర ముందు. ఈ గంటన్నర సంగతి మరల చెప్పెదను.

నేను చేరునప్పటికే ఇంటిలో వాదము నడుచుచుండెను. అల్లుడుగారి కోరిక వరంగల్లులోని నిట్. ఆ విద్యాలయమునకు 1959లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. అల్లుడుగారు తాము పిల్లవాడుగా ఉన్ననాటినుండి ఆ పేరు వినుచు పెరిగినవారు. ఆ కోరికకు గట్టి కారణము లేకపోలేదు. విదేశములలో చదివిన పిల్లలకొరకు నిట్‌లలోను, మరికొన్ని కేంద్ర సాంకేతిక సంస్థలలోను ప్రత్యేకముగా కొన్ని స్థానములు ఉంచబడినవి. ఆ పథకమును డాసా యందురు. అందు మూడవ వంతు గల్ఫు దేశములలో పనిచేయు భారతీయుల పిల్లలకు కేటాయింపబడినది. వారు చెల్లించు చదువు రుసుము స్వదేశమున నుండు పిల్లలు చెల్లించునదే. తక్కిన విదేశ విద్యార్థులు డాలర్లలో అనేక రెట్లు చెల్లింపవలసినచోట ఇది చిన్న మేలు కాదు. దానికి జె.ఇ.ఇ. మెయిన్ పరీక్షలో ర్యాంకు కావలెను. ఆ పరీక్షకు మస్కటులోనే కేంద్రము కలదు, విమానమెక్కనక్కరలేదు. "నేను ఇరువదేండ్లు ఈ ఎండలో ఉన్నందుకు నా బిడ్డకు దక్కు హక్కు ఇది ఒక్కటే, మామయ్యగారూ" అని అల్లుడుగారు ఒకనాటి రాత్రి నాతో అనిరి. ఆ మాటకు నేను ఏమి బదులు చెప్పగలను?

పిల్ల కోరిక వేరు. ఆమెకు జీవశాస్త్రముపై మక్కువ, అయినను వైద్యురాలు కావలెనని లేదు. కణములలో ఏమి జరుగునో తెలిసికొనవలెనట. ఆమె ఎంచుకొన్నది బి.ఎస్., ఎం.ఎస్. అను రెండు పట్టములను ఒకే ప్రవేశముతో ఐదేండ్లలో ఇచ్చు చదువు. భారతీయ విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థలు, అనగా ఐసర్‌లు, ఈ చదువునకే పుట్టినవి. 2006లో పుణెలోను కలకత్తాలోను మొదలై, పిమ్మట మొహాలి, భోపాల్, తిరువనంతపురములలో ఏర్పడి, 2015లో తిరుపతికిని 2016లో బరంపురమునకును వచ్చినవి. మొత్తము ఏడు.

మా అమ్మాయి పిల్ల పక్షము వహించెను. ఆమె పట్టుదలకు కారణము నేను తరువాత గాని గ్రహింపలేదు.

ఇచ్చట కొంచెమాగి, ఈ జంట పట్టమన నేమో చెప్పవలెను. ఏలయనగా మనవారిలో ఐదేండ్ల చదువు అనగానే రెండు పట్టములని తలచుట కలదు. అది తప్పు. న్యాయ విద్యాలయములలో ఐదేండ్ల బి.ఏ., ఎల్‌ఎల్.బి. కలదు, అందు రెండును మొదటి మెట్టు పట్టములే, పై పట్టము లేదు. నూజివీడు, బాసర మొదలగు చోట్ల 2008లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీలలో పదవ తరగతి తరువాత ఆరేండ్లు చదువుదురు. అందు రెండేండ్లు ఇంటర్మీడియటునకు సమానము, తక్కిన నాలుగు బి.టెక్. ఆరేండ్లు గడచినను చేతికి వచ్చునది ఒక్క పట్టమే. నిజమైన జంట చదువులు వేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయము 2006 నుండి ఐదేండ్ల ఎం.ఏ., ఎం.ఎస్‌సి. చదువులను నడుపుచున్నది, తెలుగులోను ఐదేండ్ల ఎం.ఏ. కలదని వినిన మన ఉపాధ్యాయులు సంతోషింపవచ్చును. మొదట ఆ విశ్వవిద్యాలయము తన ప్రవేశ పరీక్షను తానే జరుపుకొనెడిది, 2022 నుండి కేంద్ర విశ్వవిద్యాలయముల ఉమ్మడి పరీక్ష ద్వారా చేర్చుకొనుచున్నది. హైదరాబాదులోనే గచ్చిబౌలిలో 1998లో ఏర్పడిన ట్రిపుల్ ఐటీ వేరొక సంస్థ. పేరొకటే యగుటచేత దీనిని నూజివీటి సంస్థతో కలిపి పొరబడువారు పెక్కుమంది. అచ్చట బి.టెక్.తో పాటు పరిశోధనతో కూడిన ఎం.ఎస్.ను ఐదేండ్లలో ఇత్తురు. దానికి ప్రత్యేక పరీక్షయు, ఆపై ముఖాముఖియు ఉండును. ఇండోరులోని మేనేజిమెంటు సంస్థ 2011లో వ్యాపార నిర్వహణకును ఇట్టి ఐదేండ్ల చదువు తెరచినది.

బిట్స్ అను పిలానీ సంస్థ పద్ధతి విచిత్రమైనది. 2008 నుండి దానికి హైదరాబాదులోను ప్రాంగణము కలదు. అచ్చట పిల్లవాడు మొదట ఎం.ఎస్‌సి.లో చేరును. మొదటి యేడు వచ్చిన మార్కులనుబట్టి రెండవ పట్టముగా ఇంజనీరింగులో ఏ శాఖ దొరకునో తేలును. అనగా చేరునాడు సగము మాత్రమే తెలిసి చేరుట. ఇది జూదమని అల్లుడుగారు, కష్టపడువానికి రెండవ అవకాశమని పిల్ల. నేను తీర్పు చెప్పలేదు.

ఐసర్‌లకు తలుపు ఒక్కటే, ఐ.ఏ.టి. అను పరీక్ష. మూడు గంటలు, అరువది ప్రశ్నలు. జీవ, రసాయన, గణిత, భౌతిక శాస్త్రములలో ఒక్కొక్కదానికి పదునైదు. సరియైన దానికి నాలుగు మార్కులు, తప్పైన ఒకటి కోత, మొత్తము 240. పండ్రెండవ తరగతిలో ఈ నాలుగింట కనీసము మూడు చదివియుండవలెను, సామాన్య వర్గమువారికి నూటికి అరువది మార్కులు రావలెను. జీవశాస్త్రము చదువనివారును పరీక్ష వ్రాయవచ్చునుగాని, ఆ పదునైదు ప్రశ్నలు వారికొరకు తగ్గింపబడవు. 2023లో జూన్ 17న, 2024లో జూన్ 9న, 2025లో మే 25న ఆ పరీక్ష జరిగినది. దరఖాస్తు వేసవికి ముందే వేయవలెను. పిల్లలు పండ్రెండవ తరగతి పరీక్షలలో మునిగియున్న దినములలోనే ఈ గడువులన్నియు వచ్చుట ఎవరి ఏర్పాటో గాని, తలిదండ్రులు క్యాలెండరును వంటింటి గోడకు తగిలించుకొనక తప్పదు.

ఇక నా తెలివితక్కువతనము చెప్పెదను. మొదటి దినమున నేను మనుమరాలితో, "ఒక పట్టమునకు మూడేండ్లు, రెండవదానికి రెండేండ్లు. ఎట్లైనను ఐదే గదా. ఒకే దరఖాస్తుతో రెండును దొరకిన అంతకంటె లాభమేమి?" అంటిని. చెరకు బండికి తూకము వేయునట్లు వేసితిని. ఆమె నవ్వి, "తాతగారూ, మూడేండ్ల పట్టము పుచ్చుకొన్నవారు రెండవసారి పరీక్ష వ్రాసి వేరొక ఊరు, వేరొక విషయము, వేరొక గురువు ఎంచుకొనగలరు. నాకు ఆ రెండవ ఎంపిక ఉండదు. అది పోగొట్టుకొనుటకు సిద్ధపడియే అడుగుచున్నాను" అనెను. పదునేడేండ్ల పిల్ల ఆ మాట అనగా నేను కొంతసేపు సముద్రము వైపు చూచుచు కూర్చుంటిని.

అప్పుడు నాకు మన పెద్దల కాగితము గుర్తు వచ్చెను. 1834 సెప్టెంబరులో కలకత్తాలో ముప్పదియారుగురు కూలీలు వ్రేలిముద్రలో గీతలో పెట్టి ఒప్పుకొనిన ఒడంబడిక ఐదేండ్లకే, నెలకు ఐదు రూపాయల జీతమునకే. ఆ సంవత్సరము నవంబరు 2న వారు అట్లాసు ఓడపై మన రేవున దిగిరి. ఆ తరువాత కోరంగినుండి మనవారు వచ్చిరి. నేటికిని పెద్దలు మనలను కోరంగివారనుట అందువలననే. వచ్చినవారిలో ఎందరు ఆ కాగితమున చివరి పంక్తి విని యుందురు? ఎట్లు చేరవలెనో చెప్పువారు కలరు గాని, ఎట్లు వెడలవలెనో చదివి చెప్పినవారు తక్కువ. నేను ఈ మాట మనుమరాలితో అని, "అమ్మా, నడుమ వెడలుటకు దారి యేమున్నదో మొదట చదువుము" అంటిని. ఆమె, "చదువును కూలి ఒడంబడికతో పోల్చుదురా తాతగారూ!" అని నొచ్చుకొనెను. పోలిక సరికాదని ఒప్పుకొంటిని. కాని ఆ పంక్తి చదువుమని మరల అడిగితిని.

చదివెను. ఐసర్‌లో మొదటి రెండేండ్లు అందరును నాలుగు శాస్త్రములను చదువవలెను. జీవశాస్త్రము కోరి వచ్చినవారికిని గణితము తప్పదు. మూడు, నాలుగు సంవత్సరములలో తమ విషయమును ఎంచుకొందురు. ఐదవ సంవత్సరమంతయు ఒక పరిశోధనకు, దానిపై వ్రాయు సిద్ధాంత గ్రంథమునకు. నడుమ వెడలదలచిన వారికి నాలుగేండ్ల పిమ్మట బి.ఎస్. పట్టముతో పోవు దారి కలదు. నిబంధనలు ఒక్కొక్క సంస్థలో ఒక్కొక్క తీరుగ ఉండుటచేత ఆ సంస్థ పుటనే చూడవలెను. ఇండోరు మేనేజిమెంటు చదువులో ఆ దారి మూడేండ్లకే కలదు. 2020 నాటి భారత నూతన విద్యావిధానము వచ్చిన పిమ్మట ఇట్టి దారులు పెరుగుచున్నవి. నాలుగేండ్ల బి.ఏ. పరిశోధనతో ముగించినవారికి ఎం.ఏ. ఒక్క యేటిలో ముగియు పద్ధతియు వచ్చుచున్నది.

నేను తృప్తిపడి, "నడుమ దారి యున్నది, ఇక భయము లేదు" అంటిని. వంటింటినుండి మా అమ్మాయి వెలుపలికి వచ్చి, చేతిలోని గరిటె నట్లే పట్టుకొని, "ఆ దారియే నాకు భయము, నాన్నగారూ" అనెను.

పాఠకులలో మా కుటుంబము నెరిగినవారికి ఆ సంగతి తెలిసియుండును. మా అమ్మాయి విశాఖపట్నమున బి.ఏ. మూడేండ్లు చదివినది. ఎం.ఏ. చదువవలెనని ఆశపడినది, అందుకు ప్రవేశ పరీక్షయు వ్రాసినది. పట్టము చేతికి వచ్చిన నెలలోనే నేనిచ్చటనుండి ఉత్తరము వ్రాసితిని. మంచి సంబంధము వచ్చినది, కాకినాడవారు, అబ్బాయి బుద్ధిమంతుడు, చదువు ఒక మెట్టుకు ముగిసినది గదా, అని. మూడేండ్ల పట్టము ఒక మెట్టు. మెట్టుమీద నిలిచినవారిని క్రిందికి పిలుచుట సులభము. చదువు నడుమనున్న పిల్లను ఏ తండ్రియు అంత తేలికగా పిలువడు. అల్లుడుగారు బుద్ధిమంతులన్న మాట నిజమే, మా అమ్మాయి సుఖముగానే యున్నది. కాని ఎం.ఏ. ప్రవేశపు లేఖను ఆమె ఇరువదేండ్లు దాచుకొనియున్నదని నాకు ఆ రాత్రివరకు తెలియదు. ఐదేండ్లకు ఒకే ప్రవేశమైన చదువు ఆమెకు ఎందుకు కావలసివచ్చినదో అప్పుడు బోధపడినది. తన కూతురికి మూడవ యేట మెట్టు ఉండరాదని ఆమె కోరిక.

నేను ఏమియు అనలేదు. అల్లుడుగారును ఏమియు అనలేదు. మరునాడు ఉదయము ఆయనే పిల్లను పిలిచి, నిట్ దరఖాస్తును వేయుము, ఐసర్ దరఖాస్తును వేయుము, రెండు పరీక్షలును వ్రాయుము, ఏది వచ్చునో చూతము అనిరి. ఇంటిలో రంజాను ఉపవాసము ముగిసినట్లయ్యెను.

దరఖాస్తు నింపుటలో కష్టము చదువుకు సంబంధించినది కాదు, పేరుకు సంబంధించినది. తెలుగువారి ఇంటిపేరు ముందుండును, తక్కినవారికి వెనుక నుండును. పాఠశాలలో చేర్చునాడు అల్లుడుగారు ఇంటిపేరులో మొదటి అక్షరము మాత్రమే వ్రాయించిరి. పాస్‌పోర్టులో ఇంటిపేరు సంపూర్ణముగా కలదు. పదవ తరగతి పత్రమున ఒక పిల్ల, పాస్‌పోర్టులో మరొక పిల్ల! దరఖాస్తులో పేరు పదవ తరగతి పత్రమునందున్నట్లే ఉండవలెను. రెండు పత్రములును ఒకే వ్యక్తివని తెలుపు ధ్రువపత్రమును రాయబార కార్యాలయమున ముందుగానే చేయించుకొనవలసివచ్చెను. తొమ్మిదవ తరగతిలోనే ఈ రెండు పేర్లను సరిచూచుకొనియున్న ఆ తిరుగుడు తప్పెడిది. మన ద్వీపములోను ఈ బాధ క్రొత్తది కాదు. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన వలస పుస్తకములలో మా ముత్తాతగారి పేరు ఒక విధముగను, వారి తమ్ముని పత్రమున తండ్రి పేరు వేరొక విధముగను ఉన్నవి. ఆ కాలపు గుమాస్తా చెవికి ఎట్లు వినబడిన అట్లు వ్రాసెను. దిద్దించుకొనవలెనని వారికి తోచలేదు, తోచినను అడుగుటకు భాష లేదు. నేటి మన ఇంటిపేర్లు కొన్ని ఆ గుమాస్తా పెట్టినవే.

చివరి దినమున గంటన్నర కథ నడచినది. గడువు సాయంకాలము ఐదు గంటలని యున్న, అది భారతదేశపు ఐదు, మత్రాలో మూడున్నర. అల్లుడుగారు దుకాణము మధ్యాహ్నము మూసివచ్చి తీరికగా డబ్బు కట్టవచ్చునని తలచిరి. రెండు గంటలకు కూర్చుండగా వారి బ్యాంకు కార్డు చెల్లలేదు. మూడుసార్లు ప్రయత్నించిరి. చివరకు కాకినాడలోని ఆయన తమ్మునికి ఫోను చేయగా, ఆయన తన ఖాతానుండి కట్టెను. అప్పటికి మూడు దాటినది. మా అమ్మాయి ఆ గంటసేపు ఎవరితోను మాటలాడలేదు. చివరి దినము వరకు ఆగరాదని వేరుగ చెప్పనక్కరలేదుగాని, విదేశములనుండి వేయువారు డబ్బు కట్టు మార్గమును రెండు దినముల ముందే పరీక్షించుకొందురు గాక.

ఇక మన ద్వీపపు పిల్లల సంగతి. మన పిల్లలు కేంబ్రిడ్జి హెచ్.ఎస్.సి. వ్రాయుదురు గనుక వారికి బ్రిటను దారి తెలిసినదే. అచ్చటను ఎం.ఇంజ్., ఎం.ఎస్‌సి.ఐ. అను నాలుగేండ్ల జంట చదువులు కలవు. ఒకే దరఖాస్తులో ఐదు వరకు ఎంపికలు పెట్టవచ్చును. పూర్వము పిల్లలు తమ్ము గూర్చి ఒక దీర్ఘ వ్యాసము వ్రాసెడివారు, 2026 ప్రవేశములనుండి దానికి బదులు మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాయవలెను. మూడవ యేటి పిమ్మట బి.ఎస్‌సి.తో వెడలుటకు అచ్చట సాధారణముగా వీలుండును. స్కాట్లండులోని కొన్ని పాత విశ్వవిద్యాలయములు ఇచ్చు నాలుగేండ్ల ఎం.ఏ. పేరుకు ఎం.ఏ. గాని, మొదటి పట్టమే. పేరు చూచి మోసపోరాదు. అమెరికాలో పద్ధతి వేరు. మొదట బి.ఎస్.లో చేరి, మూడవ యేట ప్రాంతమున అదే విద్యాలయమున ఎం.ఎస్.కు మరల దరఖాస్తు పెట్టుకొనుట అచ్చట పరిపాటి. కొన్ని పాఠములు రెండు పట్టములకును లెక్కకు వచ్చును, ఒక యేడు మిగులును. అట్లు చదువువారు రెండుసార్లు నిర్ణయించుకొందురు. భారతదేశము పోదలచినవారికి భారత సాంస్కృతిక సంబంధముల మండలి వేతనములు కలవు. ఆ దరఖాస్తులో ఐదు విశ్వవిద్యాలయములను కోరవచ్చును, ఆంగ్లమున ఒక వ్యాసము వ్రాయవలెను. అందు తాతలు ఓడనెక్కిన కథను అందరును వ్రాయుదురు. అది వ్రాయవలదని నేననను. కాని తాము ఏమి చదువదలచిరో, ఏల చదువదలచిరో మొదటి నాలుగు పంక్తులలో లేకున్న, కథ చదువువానికి ఉపయోగము లేదు. మన మారిషసు పౌరులు విదేశీయుల వరుసలో నిలువవలసినవారు. 2024 మార్చిలో భారత రాష్ట్రపతి మన ద్వీపమునకు వచ్చినప్పుడు ఏడవ తరమువారికిని ఓ.సి.ఐ. కార్డు ఇత్తుమని ప్రకటించిరి. ఆ కార్డు గలవారిని ఏ సంస్థ ఏ వరుసలో నిలుపునో ఆ సంస్థనే ముందుగా వ్రాసి అడుగవలెను.

పిల్ల జె.ఇ.ఇ. మస్కటులోనే వ్రాసెను. ఐ.ఏ.టి. కొరకు తల్లితో విశాఖపట్నము పోయెను. నేను అప్పటికి ఇల్లు చేరితిని. ఫలితములు వచ్చినవి. వరంగల్లులో ఆమెకు దొరకిన శాఖ ఆమె కోరినది కాదు, తిరుపతి ఐసర్‌లో స్థానము రాలేదు. వచ్చినది బరంపురము. ఏడింటిని ఏ వరుసలో కోరవలెనో వ్రాయునాడు ఆమె దానిని మూడవదిగా పెట్టినది. అల్లుడుగారు రెండు దినములు అన్నము సరిగా తినలేదట. గల్ఫు పిల్లల హక్కు వినియోగము కాకయే పోయినదని ఆయన బాధ, నాకు అది అర్థమగుచున్నది.

బరంపురము నేడు ఒడిశాలో నున్నను, 1936 వరకు మద్రాసు రాజధానిలో గంజాము జిల్లాలోనిది. అచ్చటి వీథులలో నేటికిని తెలుగు వినబడునట. మా ముత్తాతగారి వలస పత్రమున జిల్లా పేరు గంజామనియే యున్నది. గ్రామము పేరు మాత్రము గుమాస్తా చేతిలో చెడి, ఎవరికిని బోధపడకున్నది. ఈ మాట చెప్పగా మనుమరాలు, మొదటి సెలవులలో వెదకెదను, కాని ఇప్పుడు గణితము చంపుచున్నది తాతగారూ అనెను.

2025 ఆగస్టులో చేరినది. నాలుగవ యేట వెడలు నిబంధన గల పుటను మా అమ్మాయి తనయొద్ద బీరువాలో, తన ఎం.ఏ. లేఖతో కలిపి ఉంచినదట. పిల్లకు అదే పుట మరొక ప్రతి నేను పోస్టులో పంపితిని. తల్లితో చెప్పలేదు.